పేలిక కట్టని మూట

“నిద్రపోతున్నావా?” అన్నాడు.

“లేదు, వింటున్నా. చెప్పు” అన్నాను.

మా ఆయనకీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆ తర్వాత ఆయన ఏదో చెప్పే ఉంటాడు. అడిగి ఊరుకునే మనిషి కాదు. కానీ అది నా దగ్గర లేదు. ‘చెప్పు’ అన్న చోట దారం తెగిపోయింది. ఆ కొస పట్టుకుని వెనక్కి వెళితే ఆ రోజు కొంచెం కొంచెం దొరుకుతుంది. కరకట్ట, పక్కన పసుపు చేలు, బండి మోత, నా వీపుకి మెత్తగా ఆనిన దూది మూట. ముందుకి వెళ్ళబోతే చేతికి ఏమీ తగలదు.

ఇది మా అమ్మాయి రాస్తోంది. నేను చెబుతుంటే ఫోనులో రెండు బొటనవేళ్ళతో కొడుతోంది. నాకు చదువు లేదు. సంతకం చేస్తాను. బస్సు బోర్డులు కూడబలుక్కుని చదివేదాన్ని. తలకి దెబ్బ తగిలాక ఆ బోర్డుల అక్షరాలు కూడా పోయాయి, తర్వాత కొన్ని తిరిగొచ్చాయి. “నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తే ఎవరికీ అర్థం కాదమ్మా, కాస్త సరిచేస్తా” అంది. మాటలు సరిచెయ్యి, సంగతులు మాత్రం సరిచెయ్యొద్దు అన్నాను.

మేము దూదేకులవాళ్ళం. బెజవాడ భవానీపురంలో ఉంటాం. నమాజు అరబ్బీలో చదివినా ఇంట్లో ఏడ్చేదీ నవ్వేదీ తెలుగులోనే. పరుపులు, దిండ్లు కుట్టడం మా పని. మా మామ రోజుల్లో దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళ వెంట తిరిగేవాళ్ళు. ఇప్పుడు ఇంటి ముందు గదిలో మిషన్ ఉంది, విల్లు గోడకి వేలాడుతోంది. మా ఆయనా నేనూ బండి మీద ఊళ్ళకి వెళ్ళి, గట్టిపడిపోయిన పాత పరుపులు విప్పించి, దూది మూటలు కట్టుకుని తెచ్చి, ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చి వచ్చేవాళ్ళం.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. అది ముందే చెప్పకపోతే తర్వాత జరిగింది తెలియదు. ఏ ఇంటి దూది ఆ ఇంటికే వెళ్ళాలి. ఒకరు పడుకున్న దూదిలో ఇంకొకరిది కలపకూడదు. అందుకని మూట కట్టగానే ఆ ఇంటి పాత గలీబులోంచే ఒక పేలిక చించి ముడి దగ్గర కడతాం. ఎర్రచారల పేలిక ఉంటే ఎర్రచారల ఇంటిది, పువ్వుల పేలిక ఉంటే పువ్వుల ఇంటిది. పేరు రాయనక్కర లేదు, చదవనక్కర లేదు. ఒక్క మూటకి మాత్రం పేలిక కట్టం. ఎవరైనా పోతే వాళ్ళు పడుకున్న పరుపుని ఇంట్లో చూడలేక మాకు ఇచ్చేస్తారు. అది మళ్ళీ ఏ గడపా ఎక్కదు. దాన్ని ఏకం, అమ్మం, దేంట్లోనూ కలపం. ఊరి బయటికి తీసుకెళ్ళి గొయ్యి తీసి పూడ్చి వస్తాం. తిరిగి వెళ్ళే ఇల్లు లేదు కాబట్టి దానికి పేలిక ఉండదు.

ఆ రోజు చల్లపల్లి దగ్గర ఒక ఊళ్ళో దూది తీసుకుని కరకట్ట మీదుగా వస్తున్నాం. బండి మీద ముందు ఒక మూట, నా వెనక ఒక మూట. ఎండ తగ్గి గాలి తిరిగింది. వెనక మూట ఉంటే నాకు నిద్ర ఊరికే పట్టేస్తుంది. పడిపోతానని ఆయన భయం. అందుకే ఏ ఊరికి వెళ్ళినా దారి పొడుగునా అడుగుతూనే ఉండేవాడు, నిద్రపోతున్నావా, నిద్రపోతున్నావా అని. ఇది గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

మలుపులో చెరకు ట్రాక్టరు ఎదురొచ్చిందట. ఆయన అక్కడికక్కడే పోయాడట. నన్ను ఎవరో ఆటోలో వేసుకుని బెజవాడ తెచ్చారట. మూట పగిలి దూదంతా కట్ట మీదా చేలమీదా పరుచుకుంటే, దూరాన ఉన్నవాళ్ళు కొంగలు వాలాయని అనుకున్నారట. ఇదంతా మా అత్త విని వచ్చి చెప్పింది. నేను అక్కడే ఉన్నాను, కానీ నాకు తెలిసిందంతా విన్నదే.

తల లోపల రక్తం గడ్డకట్టి మెదడు వాచిపోతే, డాక్టర్లు ఎడమ పక్క ఎముక ముక్క కోసి తీశారు. వాపు తగ్గాక మళ్ళీ పెట్టాలి కాబట్టి అది పాడవకుండా నా పొట్టలోనే చర్మం కింద దాచారు. మా అత్తకి ఇది చెప్పినప్పుడు డాక్టరుగారు చాలా జాగ్రత్తగా, భయపెట్టకుండా చెప్పారట. ఆవిడ అంతా విని, “అంటే ఒక గలీబులోది తీసి ఇంకో గలీబులో దాచారన్నమాట. గుర్తు పెట్టుకోండి బాబూ, ఎక్కడ పెట్టారో” అందట.

ఎముక లేని పక్కకి ఒరగకూడదన్నారు. ఆసుపత్రి దిండు మీద తల ఎటు పెట్టినా జారుతుంటే మా అత్త ఇంటికి వెళ్ళి ఒక దిండు కుట్టుకొచ్చింది, కుండ కింద పెట్టే చుట్టకుదురులా మధ్యలో గుంట వదిలి. బూరుగు దూది, గింజ లేకుండా ఏరి ఏరి. కొడుకుని మట్టి చేసిన వారంలోనే కూర్చుని కుట్టిందని మా అమ్మాయి చెప్పింది. ఆ దిండు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

నేను కళ్ళు తెరిచాక కుడి చెయ్యి నాది కాదు. మాటలు వచ్చేవి కానీ వేరేవి వచ్చేవి. దాహమేసి ‘దారం’ అని అడిగేదాన్ని. వాళ్ళు దారపు ఉండ తెచ్చి ఇస్తే విసిరికొట్టేదాన్ని. మా అత్తని ‘సూదీ’ అని పిలిచేదాన్ని. మా అమ్మాయి ఏడ్చేది. మా అత్త మాత్రం, “ఊరుకోవే. పెళ్ళయినప్పట్నించీ మనసులో అనుకుంటున్నదే, ఇప్పుడు పైకి అంటోంది” అనేది.

అన్ని మాటలూ తారుమారైనా ఒక మాట మాత్రం సరిగ్గా వచ్చేది.

“ఆయనేడీ?”

మొదటిసారి మా అమ్మాయి చెప్పింది. నా మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, నాన్న లేడమ్మా అని. నేను గుండెలు బాదుకున్నానట, కుట్లు తెగుతాయని ఆ ఎడమ చెయ్యి కట్టేశారట. ఏడ్చి ఏడ్చి నిద్రపోయాను. లేచి, “ఆయనేడీ?” అన్నాను. మళ్ళీ చెప్పింది. మళ్ళీ అంతే ఏడుపు. మర్నాడు మళ్ళీ. నా తలలో పెట్టింది పెట్టినట్టే జారిపోయేది. నాకు ప్రతిసారీ అదే మొదటిసారి. వాళ్ళకి మాత్రం కాదు.

ఒకరోజు మా అత్త అమ్మాయి చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళింది. ఆ మాటలు అమ్మాయికి ఇప్పటికీ కంఠతా వచ్చు.

“ఇంక చెప్పొద్దే.”

“డాక్టరుగారు నిజం చెప్పాలన్నారు నాయనమ్మా, మెల్లమెల్లగా.”

“చెప్పావుగా. చూశావుగా. చెప్పిన ప్రతిసారీ వాడు కొత్తగా పోతన్నాడు. రోజూ పొద్దున్నే నా కొడుకుని నేను చంపుకోలేను.”

ఆ రోజు నుంచి మా అత్త జవాబు ఒకటే. “చల్లపల్లి వెళ్ళాడు, దూదికి.”

నాకు అది చాలేది. ఇంటికి తీసుకొచ్చాక కూడా అంతే. పొద్దున కళ్ళు తెరవగానే అడిగేదాన్ని. చల్లపల్లి వెళ్ళాడనేది.

“తిని వెళ్ళాడా?”

“తినే వెళ్ళాడు.”

“ఏం కూర?”

“వంకాయ.”

నేను తలూపి పక్కకి తిరిగేదాన్ని. అలా ఎన్నాళ్ళు నడిచిందో తెలియదు. ఒక పొద్దున మామూలుగా వంకాయ అని చెబితే నేను ఆవిడ వంక చూసి, “నిన్న కూడా వంకాయేగా. ఆయనకి వరసగా పెడితే తినడు” అన్నానట.

మా అమ్మాయి చేతిలో పళ్ళెం వదిలేసి ఎగిరి గంతేసింది. నిన్నటిది ఇవాళ గుర్తుండటం అదే మొదలు. డాక్టరుగారికి ఫోను చేసి చెప్పింది. మా అత్తకి సంతోషమూ వచ్చింది, భయమూ పట్టుకుంది. ఆ రోజు నుంచి ఆవిడ పోయిన కొడుక్కి రోజుకో కూర వండాల్సి వచ్చింది. దొండకాయ, గోంగూర పప్పు, ఆనపకాయ, చేపల పులుసు. పొయ్యి మీద లేని కూర. రాత్రే ఆలోచించి పెట్టుకునేదట, పొద్దున తడబడకుండా. ఒకసారి కాకరకాయ అందట. “ఆయన కాకరకాయ తినడుగా?” అంటే, “బెల్లం వేశాలే, తిన్నాడు” అందట. మళ్ళీ తనే, “బాగుందన్నాడు” అని కూడా అందట. ఇది మా అమ్మాయి చెబుతుంటే నేను నవ్వాను. నవ్వుతూ మా అత్త వైపు చూస్తే ఆవిడ నవ్వడం లేదు.

మాలో మగడు పోతే పెద్ద ముండమోసినదే కొత్తదాని మెడలోంచి నల్లపూసలు తీస్తుంది. నాలుగు నెలల పది రోజుల గడువు తీరేదాకా ఆమె గడప దాటకూడదు. నేను ఎలాగూ దాటే స్థితిలో లేను. కానీ పూసలు అలాగే ఉన్నాయి. చూడవచ్చిన చుట్టాలు ముందు నన్ను చూసి, తర్వాత నా మెడ చూసి, తర్వాత మా అత్తని చూసేవాళ్ళట.

“ఇంకా తియ్యలేదేం పిన్నీ? నలుగురూ ఏమనుకుంటారు?”

“దానికి తెలిసిన్నాడు తీస్తా.”

“తెలియకపోతే మాత్రం ఉన్నట్టా?”

“దాని వరకూ ఉన్నట్టే. నీకేమైనా అడ్డమా? టీ తాగు, చల్లారిపోతంది.”

తలకి రెండో ఆపరేషన్ చేసి ఎముక తిరిగి పెట్టారు. పొట్ట మీద మచ్చ, తల మీద మచ్చ, రెండూ ఒకే పొడుగు. తర్వాత చేతికి కసరత్తు చేయించాలని ఆసుపత్రిలో ఒక రబ్బరు బంతి ఇచ్చారు, పిసకమని. నేను పిసికేదాన్ని కాదు, విసిరేదాన్ని. కోపం ఎక్కడి నుంచి వచ్చేదో తెలియదు, అన్నం కంచం కూడా విసిరాను. మా అత్త నుదుటి మీద ఒక గాటు ఉంది, అది నా కంచమే. నాకు ఆ సంగతి గుర్తులేదు. ఎవరైనా అడిగితే ఆవిడ గుమ్మం తగిలిందంటుంది.

చివరికి ఆవిడే బంతి తీసి అటక మీద పడేసి నా ఒళ్ళో గుప్పెడు దూది పెట్టింది. “ఇది విసిరినా ఎక్కడికీ పోదు. విసురు చూద్దాం” అంది. విసిరాను. నా ముందే మెల్లగా కింద పడింది. మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టింది. వేళ్ళతో విడదీయడం, గింజ ఏరడం, మళ్ళీ విడదీయడం. మా అమ్మాయి బీసెంట్ రోడ్డులో బట్టల షాపుకి వెళ్ళేముందు నా ముందు బొమ్మల కార్డులు పేర్చి ఇది ఏంటమ్మా, ఇది ఏంటమ్మా అని అడిగేది. ఏనుగుని చూపిస్తే పరుపు అన్నాను. “పోనీ ఎంత వెడల్పు గలీబు పడుతుంది?” అంది మా అత్త లోపల్నుంచి. దూది విడదీయగా విడదీయగా కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటీ నావయ్యాయి. ఆఖరికి బొటనవేలు వచ్చింది. దబ్బనం పట్టాను. కుట్టు వంకరగా వచ్చేది కానీ వచ్చేది.

అప్పటికి నేను ఇల్లు ఊడ్చేదాన్ని, టీ పెట్టేదాన్ని. పొయ్యి ఆపడం మర్చిపోతానని ఎవరో ఒకరు వెనక ఉండేవాళ్ళు. అయినా పొద్దున్నే ఆ ప్రశ్న మాత్రం మానలేదు. చల్లపల్లి వెళ్ళాడు. సరే. ఇప్పుడు ఆలోచిస్తే నాకే విడ్డూరంగా ఉంటుంది. రోజూ వెళ్ళినవాడు ఒక్క రోజు కూడా తిరిగి రావడం లేదని నాకు ఎందుకు తట్టలేదో. పొద్దున వెళ్ళాడు, సాయంత్రం వస్తాడు అనుకునేదాన్ని. కూర గుర్తున్నా, సాయంత్రానికి ఆయన రావాలన్న సంగతి జారిపోయేది. ఒక్కోసారి ముందు గదిలో గోడకున్న విల్లు చిన్నగా మోగినట్టు వినపడేది. ఆయన వచ్చి చెయ్యి తగిలించాడు కాబోలు అనుకుని తల తిప్పేదాన్ని. ఫ్యాను గాలికి కదిలేదేమో.

ఒకరోజు పొద్దున మా అమ్మాయి షాపుకి వెళ్ళింది. మా అత్త బియ్యం తేవడానికి వెళుతూ, “నేను వచ్చేదాకా మిషన్ ముట్టుకోవాకు” అని చెప్పింది. ముందు గదిలో మైలవరంవాళ్ళ దూది ఏకి కుప్ప పోసి ఉంది. దిండ్ల గలీబుల కోసమని వెనక వసారాలోకి వెళ్ళాను. పాత గుడ్డల వెనకాల గోడకి ఆనించి ఒక మూట కనిపించింది. పెద్దది, పరుపు పరుపే చుట్టి కట్టినట్టు ఉంది.

చల్లపల్లి వెళుతూ నాకు పని పెట్టి వెళ్ళాడనుకున్నాను. వచ్చేసరికి విప్పి సిద్ధం చేస్తే సంతోషిస్తాడనుకున్నాను. ఒంటి చేత్తో లాగుకుంటూ ముందు గదిలోకి తెచ్చాను. ముడి గట్టిగా ఉంటే పళ్ళతో విప్పాను. బ్లేడుతో గలీబు అంచు కోసి దూది తీయడం మొదలుపెట్టాను. వేళ్ళతో విడదీసి పక్కన ఉన్న కుప్ప మీద వేస్తున్నాను. ఆ కుప్ప మైలవరంవాళ్ళదని మర్చిపోయాను. ఏ ఇంటి దూది ఆ ఇంటికే అన్నది, పుట్టినప్పట్నించీ వింటున్నది, అదే మర్చిపోయాను. చేతులకి పని గుర్తుంది, పని లోపలి కట్టుబాటు గుర్తులేదు.

సగం తీసేసరికి చెయ్యి ఆగింది. పరుపులో రెండు పల్లాలు ఉన్నాయి. ఇద్దరు పడుకునే పరుపు అలాగే ఉంటుంది. ఒకటి పెద్దది, లోతుగా, భుజం దగ్గర ఇంకా లోతుగా. కుడి పక్కకి ఒత్తిగిలి పడుకునే మగమనిషిది. దాని పక్కన చిన్నది. ఆ చిన్న పల్లంలో చెయ్యి పెట్టాను. సరిపోయినట్టుంది. ఎవరిదో తెలిస్తే బాగుండునని పేలిక కోసం చూశాను. తాడు చివర లేదు. ముడి దగ్గర లేదు. తాడు దులిపాను, కింద వెతికాను, మూట లాక్కొచ్చిన దారంతా వసారాదాకా వంగి వెతికాను.

తిరిగొచ్చి గలీబు చూశాను. నీలం చారలది. ఒక మూల ఇస్త్రీపెట్టె కాలిన చోట అతుకు వేసి ఉంది. ఆ అతుకు కుట్టు నాది. నా కుట్టు నాకు తెలియదా.

గలీబు మాది. మూటకి పేలిక లేదు.

అప్పుడు ఏడవలేదు. అక్కడే కూర్చున్నాను, పెద్ద పల్లం మీద చెయ్యి వేసి. మా అత్త బియ్యం సంచీతో లోపలికి వచ్చింది.

“ఏం చేస్తన్నావే?”

“అత్తా, దీనికి పేలిక లేదు.”

ఆవిడ సంచీ దించలేదు. “ఊడిపోయి ఉంటది.”

“ముడి నువ్వు కట్టావు. నువ్వు కట్టిన ముడికి పేలిక ఊడదు.”

“మర్చిపోయా కట్టడం. పెద్దదాన్నయ్యా. లే, ముందు లే, నేను సర్దుతా.”

“మీ అబ్బాయేడీ?”

“చల్లపల్లి…”

“ఏం కూర తిని వెళ్ళాడు?”

మా అత్త నోరు తెరిచింది. ఇంతకాలం రోజుకొకటి వండిన మనిషి. ఆ పూట ఆవిడకి ఒక్క కూర కూడా దొరకలేదు. సంచీ జారి బియ్యం గదంతా పోయింది. ఆవిడ బియ్యంలోనే నా పక్కన కూర్చుంది. “ఎవరూ చెప్పలేదుగా నీకు?” అని మాత్రం అడిగింది.

“ఎవరూ చెప్పలేదు.”

సాయంత్రం మా అమ్మాయి వచ్చాక మా అత్త నా మెడలోంచి నల్లపూసలు తీసింది. తెంపలేదు. కొక్కెం వెతుక్కుని మెల్లగా విప్పింది. అమ్మాయి ఫోను లైటు పట్టింది. మా అత్త వాటిని ఆ చుట్టకుదురు దిండు విప్పి లోపల పెట్టి మళ్ళీ కుట్టింది.

మర్నాడు కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ నా మంచం పక్కనే కూర్చుని ఉన్నారు. మా అత్త ఒళ్ళో చేతులు పెట్టుకుని నా నోటి వంక చూస్తోంది. నేను అడుగుతానని. మళ్ళీ జారిపోయిందేమోనని. నేను పైకప్పు చూశాను, గోడ మీది విల్లు చూశాను.

“టీ పెట్టారా?” అన్నాను.

అప్పుడు ఏడ్చింది మా అత్త. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు. ఇంతకాలం కొడుకు చల్లపల్లి వెళ్ళాడని చెప్పి చెప్పి, ఆవిడకి కూడా ఆయన ఆ పొద్దునే పోయినట్టుంది.

కలిసిపోయిన దూదిని ఏం చెయ్యాలో తెలియలేదు. మైలవరంవాళ్ళకి ఫోను చేసి జరిగింది చెప్పి కొత్త దూదితో కుట్టిచ్చాం. వాళ్ళు ఏమీ అనలేదు. మిగిలిన కుప్ప వంక చూసి మా అత్త, “సగం బతికున్నోళ్ళది, పూడ్చకూడదు. సగం వాడిది, ఎవరికీ ఇవ్వకూడదు” అంది. అంతకు ముందు మా ఇళ్ళల్లో ఎవరూ ఇలాంటి తప్పు చెయ్యలేదు కాబట్టి అడగడానికి పెద్దవాళ్ళు కూడా లేరు. చివరికి దాన్ని పరుపు కుట్టాం. నేనే కుట్టాను, వంకర కుట్లతో. దాని మీద నేనూ మా అత్తా పడుకుంటాం. కొత్తగా ఏకిన దూదికి పల్లాలుండవు. అయినా కొన్నాళ్ళకి భుజం దగ్గర ఒకచోట కిందికి దిగింది. అది మా అత్త పడుకునే వైపు. ఆవిడ ఎంత బరువుంటుందని.

ఆ పరుపు మీద ఒక మధ్యాహ్నం కునుకుతున్నప్పుడు వచ్చాయి ఆ మాటలు. నిద్రపోతున్నావా? లేదు, వింటున్నా, చెప్పు. కరకట్ట, పసుపు చేలు, అన్నీ వాటి వెనకాలే వచ్చాయి. లేచి కూర్చుని మా అమ్మాయిని పిలిచాను, నాన్న ఆఖరి మాటలు దొరికాయని.

అది సంతోషించలేదు. సంకోచించింది. “అమ్మా, ఆసుపత్రిలో ఉన్నప్పుడు వేరే చెప్పావు. ఉయ్యూరులో టీ తాగుదామన్నాడని చెప్పావు. కరకట్ట మీద వస్తే ఉయ్యూరు తగలదుగా. ఇంకోసారి, మూట సరిగ్గా పట్టుకో అన్నాడని చెప్పావు.” అవేవీ నాకు గుర్తులేవు.

డాక్టరుగారిని అడిగాను. ఆయన మంచివారు. “తలకి అంత దెబ్బ తగిలినప్పుడు దానికి ముందు కాసేపు జరిగింది సాధారణంగా నిలవదమ్మా. ఖాళీ ఉన్నచోట మనసు తన దగ్గరున్నదేదో తెచ్చి నింపుతుంది. అబద్ధమని కాదు. మీకు నిజమనే అనిపిస్తుంది” అన్నారు.

అప్పటి నుంచి నాకు అదే పట్టుకుంది. ఆయన దారి పొడుగునా రోజూ అడిగే మాటే అది. ఏ ఊరి దారిలోనో ఏ రోజుదో ఒక ‘నిద్రపోతున్నావా’ని తెచ్చి నా తల ఆ చోట కుట్టేసిందేమో. ఎక్కడిదో దూది తెచ్చి ఈ గలీబులో కూరిందేమో. మరి దీనికి పేలిక ఏది? ఏ రోజుదో ఎలా తెలుసుకోను? ఆ రోజు బండి మీద నాతో ఉన్న ఒక్క మనిషినే అడగాలి.

మా అత్తకి ఇవన్నీ అక్కర్లేదు. “వాడు అట్టాగే అంటాడు. వాడిదే” అంది. అక్కడితో ఆగలేదు. “నువ్వు చెప్పమన్నావుగా. ఏం చెప్పాడు?”

“తెలియదత్తా.”

“గుర్తొస్తే చెప్పు.”

మర్నాడు టీ ఇస్తూ అడిగింది. “ఏమన్నా వచ్చిందా?” ఆ మర్నాడూ అడిగింది. ఒకప్పుడు నేను రోజూ అడిగేదాన్ని, ఇప్పుడు ఆవిడ అడుగుతోంది. ఆవిడకి మతి బాగానే ఉంది. కొడుకు మాట ఒకటి ఎక్కడో మిగిలి ఉందని తెలిశాక ఊరుకోలేకపోతోంది. నా కోసం ఆవిడ అన్ని కూరలు వండింది. ఆవిడ కోసం నేను ఒక్క మాట వండలేనా అనిపిస్తుంది. అమ్మకి కొత్త కళ్ళజోడు కొనాలన్నాడని చెప్పొచ్చు. ఈసారి రొయ్యలు వండమని చెప్పాలన్నాడని చెప్పొచ్చు. అనడానికి ఎంతసేపు.

కానీ నా తల సంగతి నాకు తెలుసు. ఇవాళ ఆవిడ కోసం కల్పించి చెబితే, రేపటికి అది నాకే నిజమైపోతుంది. ఆయన మూట పక్కన ఎవరిదో కుప్ప ఉందని చూసుకోకుండా కలిపేసిన చెయ్యి ఇదే. ఒకసారి కలిశాక విడదీయలేం. ఆయన చెప్పబోయింది ఏదైనా, అది లేని చోటు ఒక్కటే ఇప్పుడు ఆయనది. దాన్ని నింపకుండా ఉంచుకోవాలి. ఇవాళ పొద్దున కూడా అడిగింది మా అత్త. “ఏమీ రాలేదత్తా” అన్నాను. ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. లోపలే ఉంది, ఇదంతా వింటూనే ఉంటుంది. గిన్నెల చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది.

అందుకే ఇది రాయించడం. మర్చిపోతానని కాదు. మర్చిపోకుండా ఏదైనా కలిపేస్తానని. అమ్మాయీ, ఇది నీ ఫోనులో ఉండనీ. ఎప్పుడైనా నేను వచ్చి మీ నాన్న ఆ రోజు ఫలానా మాట చెప్పాడని అంటే, ఎంత నమ్మకంగా అన్నా సరే, ఇది తీసి నాకు వినిపించు. మీ నాయనమ్మ ముందే వినిపించు. నేను ‘చెప్పు’ అన్న తర్వాత ఒక్క అక్షరం కూడా ఉండకూడదు.

సరిచేశావుగా మాటలన్నీ? సంగతులు ముట్టుకోలేదుగా? ఏదీ, మొదటి నుంచి చదువు. ఆ మొదటి రెండు ముక్కలూ మెల్లగా చదువు. నిద్రపోవడం లేదులే, వింటున్నా.